మోత కింది మాట

బావమరిది చేసింది నమ్మకద్రోహం. దానికి వేరే పేరు లేదు.

బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన ఆ మనిషికి, భార్య పోయాక మిగిలింది ఒక టేపు. స్టూడియోలో పనిచేసే బావమరిది కొత్త మైకును పరీక్షించడానికి, వంటగదిలో అక్కను మాట్లాడించి పట్టిన టేపు అది. రోజూ సాయంత్రం వింటాడు. ఆమె ఆయన గురకను వెక్కిరిస్తుంది, నవ్వుతుంది. తర్వాత గొంతు తగ్గుతుంది. ఇక వినబడేదంతా గుయ్యిమనే మోతే.

"ఆ మోత టేపుది కాదు బావా, తీగది," అన్నాడు బావమరిది, కొత్త తీగచుట్ట చంకన పెట్టుకొచ్చి. "ప్లేయరు నుంచి ఆంప్లిఫయరుకి గోడెంట కరెంటు వైర్ల పక్కనే లాగావు. వాటి గోలంతా ఇది తాగుతోంది."

"ఇంజను పక్కన బతికినవాణ్ణి. నాకదో లెక్కట్రా?"

"అక్క గొంతు శుభ్రంగా వినబడొద్దూ?"

ఆయన కుర్చీ పక్కకు జరిపి దారిచ్చాడు.

బావమరిది ప్లేయరు వైపు మూడు పిన్నుల ప్లగ్గు పెట్టాడు. ఆంప్లిఫయరు వైపు పాత ఒంటిపిన్నే ఉంచాడు. మోత తగ్గలేదు.

"ఎలుకతోలు ఉతికినట్టుందిరా నీ పని."

"తప్పు నాదే. రెండు చివర్లా మూడు పిన్నులుండాలి. లోపల రెండు తీగలు ఒకే మాటను మోస్తాయి, ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా. దార్లో పడే మోత మాత్రం రెంటిమీదా ఒకేలా పడుద్ది. అవతలి పెట్టె రెండోదాన్ని తిరగేసి మొదటిదానికి కలుపుద్ది. మాట నిలబడుద్ది, మోతను మోతే తినేస్తుంది."

"తోడికోడళ్లు కొట్టుకుంటే అత్తకు సుఖమన్నట్టు."

రెండో చివరా మార్చాడు. మోత తెగిపోయింది. గదిలో ఆమె ఊపిరి వినబడింది. ఆయన కుర్చీ చేయి పట్టుకున్నాడు. గురక సంగతి, వెక్కిరింత, నవ్వు. గొంతు తగ్గింది. ఈసారి ప్రతి మాటా తెలిసింది.

"ఇక లాభం లేదన్నాడుగా డాక్టరు. మీ బావకు చెప్పకురా. నా మీద ఒట్టు."

"చెప్పనక్కా."

ఆ రెండో గొంతు బావమరిదిది.

ఆమె ఆఖరి వారం దాకా ఆయన బస్సు నడుపుతూనే ఉన్నాడు. తగ్గిపోతుందిలే బావా అంటూ, భుజం తట్టి డ్యూటీకి పంపింది వీడే.

బావమరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. చేయి ప్లేయరు మీదే ఉండిపోయింది.

"మైకు ఆపాననుకున్నా బావా."

మైకు గురించి మాట్లాడుతున్నాడు. ఆయన ఆ చేతిని పక్కకు తోసి టేపు ఆపాడు.

"సెలవు పెట్టేవాణ్ణి కదరా."

"అక్క ఒట్టు పెట్టింది..."

ఆయన లేచి వీధి తలుపు తీశాడు.

"వెళ్లు. ఈ సంగతి నువ్వు ఎత్తినా నేను పలకను. నీతోనే కాదు, ఎవరితోనూ దీని గురించి మాట్లాడను. చచ్చేదాకా."