శుక్రారం అలుకు

"జర మంచిగ అలుకు, ఇల్లు సూడనీకి వస్తున్నరు" అన్నడు మా ఆయన పోశాలు, చాయ తాగుకుంట. పెండనీళ్లల్ల చెయ్యి పెట్టి, ఇదే ఆఖరు అలుకు కావాలె తల్లీ అని మొక్కిన. ఇరవై రెండేండ్ల సంది శుక్రారం శుక్రారం అలుకుతనే ఉన్న, జ్వరమొచ్చిన శుక్రారం సుత. లింగాల ఘనపూర్ల ఈ ఇల్లు అమ్ముడుపోతే జనగామల రెండర్రలు కిరాయికి తీసుకుంటం. బండల నేల, లోపలనే నల్లా, తిప్పితె నీళ్లు. గా నల్లా తలుసుకుంటెనే పానం లేచొస్తది. అందరు నేను ఏడుస్తననుకుంటున్నరు. ఏడ్వనీకి ఏమున్నది ఇండ్ల?

కొనేటోళ్లు, మొగడు పెండ్లాం వచ్చిన్రు. మా ఆయన షురువు జేసిండు. "మా తాత కట్టిన ఇల్లు. భూపాలపల్లి అడవిల కెల్లి బండ్ల మీద తెచ్చిన టేకు." ఏడు నెల్ల కడుపుతోటి ఈ గోడలకు మట్టి తొక్కింది మా అత్త కొమురమ్మ. ఆ ముచ్చట ఏ మొగోడు చెప్పడు. అత్త సుత చెప్పదు. నేను చాతగాదంటే "మేం చెయ్యలేదా, నీకేం రోగం" అంటది, గంతే.

కొనేటామె సుమలత నన్ను వంటర్రలకు గుంజింది. "అక్కా, నిజం చెప్పు. ఇండ్ల ఉండుడు ఎట్లుంటది?"

మంచిగుంటదంటే నా నల్లా నాకొస్తది. ఆమె చేతులు సూసిన. నా చేతుల్లెక్కనే పగిలున్నయ్.

"మొగోళ్లకు మస్తు సల్లగుంటది చెల్లె. మనకే పరేషాన్. వారం వారం అలుకు, వానల ముంగట పెంకులు సదురుడు, బజార్ల కెల్లి నీళ్లు మోసుడు. ముట్టయితె మూడొద్దులు బర్ల కొట్టంల పండుడు." చెప్పినంక, అయిపాయె నా బతుకు అనుకున్న.

సుమలత పక్కున నవ్వింది. "ఇల్లు ఉంచుతె కదక్కా! ఊరు, నీళ్లు ఎట్లున్నయో తెలుస్తదని అడిగిన. జాగ కోసమే కొంటున్నం. కూలగొట్టి స్లాబేస్తం."

దర్వాజల నిలబడ్డ మా ఆయన మొఖం మాడిపోయింది. "కూలగొడుతరా? మా తాత ఇల్లు!" అనుకుంట అరుగు మీదున్న వాళ్లవ్వ కాడికి ఉరికిండు, మేం ఎన్కనే పోయినం. "ఏమే అవ్వా, ఇంటున్నవా? వద్దని చెప్పు."

మామ పోయినంక ఇల్లు అత్త పేరు మీదికొచ్చింది. ఆమె వేలిముద్ర ఎయ్యనంటే అమ్ముడే లేదు. అత్త అరుగు మీద కూసొని, మోకాళ్లు రుద్దుకుంట సుమలత దిక్కు సూసింది.

"ముందుగాల గా వంటర్ర కూలగొట్టున్రి బిడ్డా" అన్నది. "కూలగొట్టేనాడు నాకు కబురు పెట్టు. కుర్సీ ఏసుకొని సూస్త."