ఎత్తు మీద ముందే పడ్డ నిప్పు

మీరే. కార్ల మెకానిక్ షెడ్డు బోర్డు మీద మగవాడి పేరు రాయించి, లోపల పనంతా ఆడదాని చెవులతో చేయించుకున్న మీరే ఆ పిస్టన్‌ని కరిగించారు. "మా ఆవిడకి కంప్యూటర్ కాస్త తెలుసులెండి" అని నవ్విన మొగుడూ, కోడలి గోళ్ళలో గ్రీజు చూసి కంచం పక్కకి తోసిన అత్తగారూ, ఆమె ఇచ్చిన టీ తాగి ఆమె ముఖం చూడని కారాయనా. అందరూ. నెపం కల్తీ పెట్రోలు మీదకి నెట్టకండి.

ఆ పొద్దున ఆమె ఆ కారాయన పాత కారులో, డ్రైవరు పక్క సీట్లో, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ ఇంజనుకి లోపలికెళ్ళే గాలిని కొలిచే సెన్సర్ లేదు. పైపులో పీల్పు ఎంతుందో, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూసి కంప్యూటర్ గాలిని ఊహించుకోవాలి. ఏ ఊహకి నిప్పురవ్వ ఎంత ముందు పడాలో లాప్‌టాప్‌లోని పట్టికలో గడి గడికీ ఒక మనిషి నింపాలి. ఆలస్యమైతే కారు ఈడుస్తుంది. మరీ ముందైతే, ఇంకా పైకొస్తున్న పిస్టన్ నెత్తిన మంట విరుచుకుపడుతుంది. గాజుగ్లాసులో గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు.

ఆ చప్పుడుకి ఒక్క అడుగు ఇవతల ఆమెకి మాత్రమే తెలిసిన చోటొకటి ఉంది. అక్కడ షెడ్డు ఉండదు, సీటు ఉండదు. తనే గాలై సన్నటి పైపులోంచి చల్లగా జారిపోతుంది. గడులన్నీ మంచులో మెట్లవుతాయి. ఇక్కడ ముప్పై డిగ్రీలు ముందు, ఇక్కడ ఇరవై ఆరు అనుకుంటూ ఒట్టి పాదాలతో ఎక్కుతుంది. ఉతకాల్సిన బట్టలు, కడగాల్సిన గిన్నెలు, "ఇంకా కాలేదా" అన్న మాటలు ఎక్కడో కింద, వేరెవరి ఇంట్లోనో. ఆ ఇంట్లో తన చాకిరీ కొలిచే సెన్సర్ కూడా లేదు. ఎవరికి తోచినంత వాళ్ళు ఊహించుకుంటారు, అదీ తక్కువగానే.

"అమ్మాయ్! కారాయన వచ్చి కూర్చున్నాడు. టీ ఇచ్చే దిక్కు లేదా ఇంట్లో?" అత్తగారి గొంతు.

"ఎత్తు ఎక్కేటప్పటి గడులు మిగిలున్నాయత్తయ్యా. పది నిమిషాలు."

"ఇంజనుకి కాళ్ళొచ్చి పారిపోదులే. రా!"

వెళ్ళింది. ఆ పది నిమిషాల్లోనే మొగుడు ఇంకో కారు గడులు మొత్తం తెచ్చి ఇందులో అతికించేశాడు. ఆ కారుకి గాలి సెన్సర్ ఉంది. అందులో గాలి అంకె పెరిగితే ఇంజను మీద బరువు పెరిగినట్టు. ఇందులో పీల్పు పెరిగితే బరువు తగ్గినట్టు. అన్నీ తలకిందులుగా వచ్చిపడ్డాయి.

ఆమె వచ్చి పక్క సీట్లో కూర్చుందో లేదో మొగుడు కారు కదిలించాడు. కారాయన వెనక సీట్లో. ఎత్తు మీద ఆక్సిలరేటరు నేలకంటా నొక్కాడు. గులకరాళ్ళు!

"కాలు తీయండి."

"నీకన్నీ చప్పుళ్ళే. లాగుడు చూశారా సార్?"

ఆమె లాప్‌టాప్ మూత తెరిచింది. ఇరవై ఉండాల్సిన చోట ముప్పై ఆరు.

"ఏమండీ, ఇవి నా అంకెలు కావు. ఆపండి!"

"నువ్వు నోర్మూసుకుంటావా కాసేపు?"

ఎత్తు చివర పిస్టన్ కరిగి, ఇంజను ఒక్కసారి దగ్గి, నీలం పొగ కక్కి, చచ్చింది. అంత నిశ్శబ్దం ఆమె ఎన్నడూ వినలేదు.

"ఏమైంది మేస్త్రీ?" అన్నాడు కారాయన.

మొగుడు తల గోక్కున్నాడు. "ఏం లేదు సార్. టీ హడావిడిలో మా ఆవిడ ఏదో నొక్కేసినట్టుంది. ఆడవాళ్ళు కదా."

మెట్లన్నీ ఒక్కొక్కటే మంచులోకి కూలిపోవడం ఆమె తీరిగ్గా చూసింది. భయం వేయలేదు. పదేళ్ళుగా తను ఎక్కిన ప్రతి మెట్టూ ఈ ఒక్క మాటతో ఈయనదైపోతుంది, ప్రతి కూలడమూ తనదవుతుంది. కారు దిగింది. చుట్టూ తిరిగి వెళ్ళి మొగుడి వైపు తలుపు తెరిచింది.

"ఏంటే ఇది, రోడ్డు మీద? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంటికెళ్ళాక కాదు. ఇక్కడే. దిగండి. అంకెలు ఎవరు మార్చారో, ఆపమంటే ఎందుకు ఆపలేదో ఆయన మొహం చూసి చెప్పండి. ఇప్పుడే, నేను వింటుండగా. మీరు చెప్పాకే ఈ ఇంజను మీద నా చెయ్యి పడేది."