ఏగిస గ్లాసులో నీలం

మా నాన్న అంద్రెయకు సూదంటే భయం లేదు. నమ్మకం లేదు, అంతే. నేను నర్సుని. రోజూ వార్డులో పదిహేనుమందికి ఇన్సులిన్ వేసి, ఢిల్లీ మునిర్కాలో మా ఒంటిగది ఇంటికొచ్చి, కన్నతండ్రికి మాత్రం వెయ్యలేక చేతులు ముడుచుకు కూర్చునేదాన్ని. ఇంతకంటే నగుబాటు ఉంటుందా?

పంతొమ్మిదివందల డెబ్భై ఎనిమిదిలో, చక్కెర జబ్బు ముదిరిందని తణుకు దగ్గర మా ఊరినుంచి తీసుకొచ్చాను. మాత్రలు పనిచెయ్యడం లేదనీ, ఇన్సులిన్ తప్పదనీ మా డాక్టరు చెప్పాడు. నాన్న విని తలూపి, ఇంటికి రాగానే సంచిలోంచి ఒక చెక్కగ్లాసు తీశాడు. ఏగిస కర్రతో తనే తొలిచాడు.

నాన్న వడ్రంగి. ఏగిస సంగతి ఎత్తితే ఆయన్ని ఆపడం నావల్ల కాదు. మన్యంలో పెరిగే చెట్టు. గాటు పెడితే నెత్తురులాంటి బంక కారుతుంది. చేవ ఎంత గట్టిదంటే చెదపురుగు దాని జోలికి రాదు. బండికీ, నాగలికీ, ద్వారబంధానికీ అదే. ఒక్కటే పేచీ, తడి తగిలితే పసుపు వదులుతుంది. దూలం అలాగే ఎక్కిస్తే తొలి వానకే సున్నం గోడలమీద చారలు కడుతుంది. అందుకని వడ్రంగులు ముందు దుంగల్ని కాలవలో నెలల తరబడి నానేసి రంగు దించుతారు. నానెయ్యని కర్రతో గ్లాసు తొలిచి నీళ్ళు పోస్తే మాత్రం ఆ రంగే మందంటారు. పొద్దున్నే వెలుతురుకి పడితే గోధుమరంగు నీళ్ళ అంచున నీలం మెరుస్తుంది. అద్దెకిచ్చిన ఇంటావిడ కూడా అది చూసి, ఏగిసని హిందీలో పిలిచే పేరుతో, విజయసార్ కదా, మా మామగారూ తాగేవారని మెచ్చుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

రోజూ పోట్లాటే. చివరికి ఒక పొద్దున నాన్నే గ్లాసు కిటికీకి ఎత్తి పట్టి చూపించాడు.

"ఈ నీలం పోయిన్రోజున నీ సూదికి చెయ్యి చాపుతానమ్మా. అందాకా నన్ను ఊరికే వదిలెయ్యి."

ఎన్నాళ్ళుంటుందని అడిగాను. తను ఏరిన కర్ర గనక ఏడాదికి ఢోకా లేదన్నాడు.

ఏడాది! అప్పటికే పాదాలు మొద్దుబారాయి. ఒకరోజు చెప్పు డాబా మెట్లమీద జారిపోతే, పైకెక్కేదాకా తెలుసుకోలేదు. చలికాలం మధ్యాహ్నాలు ఆయన డాబామీద ఎండలో కునుకు తీసేవాడు. పొద్దుటి డ్యూటీ నుంచి రాగానే ఆ వేళ చూసుకుని నేను గ్లాసుని వేడినీళ్ళ బకెట్లో ముంచేదాన్ని. నీళ్ళు పచ్చబడితే పారబోసి మళ్ళీ పోసేదాన్ని. ఆయన లేచేలోగా తుడిచి కిటికీలో పెట్టేదాన్ని. రంగు దించడం ఆయన దగ్గర నేర్చుకున్న పనే. సిగ్గుగానే ఉండేది. కానీ ఆయన బతకాలి.

నాలుగు వారాలకి నీలం పోయింది. ఆ పొద్దున నాన్న గ్లాసుని ఎంతసేపు తిప్పి చూశాడో! నీళ్ళు ఒట్టి నీళ్ళలాగే ఉన్నాయి. మాట గుర్తుందా అని అడిగితే, సాయంత్రం వేద్దువుగాని, వెళ్ళి రమ్మన్నాడు. ఆ రోజు వార్డులో నా కాళ్ళు నేలమీద నిలవలేదు. వస్తూ కొత్త సిరంజి కూడా తెచ్చాను.

తలుపు తీసేసరికి నాన్న నేలమీద కూర్చుని ఉన్నాడు, పక్కన ఉలీ సుత్తీ. వడ్రంగులకు పాదాలే పట్టుకర్ర. గ్లాసుని రెండు పాదాల మధ్య బిగించి, లోపలి పొర చెక్కేశాడు. కొత్త చేవ బయటపడింది. నీళ్ళు పోసి అప్పుడే వెలుతురుకి పట్టాడు.

"చూడు మార్తా, మళ్ళీ వచ్చింది. పైపొర అలిసిపోయిందంతే."

ఆయన మొహం అంత వెలిగిపోవడం అమ్మ పోయాక నేను చూడలేదు. నేను గ్లాసు చూడలేదు. కుడి పాదం బొటనవేలి పక్కన ఉలి దిగిన గాటు ఉంది. నెత్తురు చెక్కపొట్టులో ఇంకి గడ్డకడుతోంది. ఆయనకి తెలియనే తెలియదు.

నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. కడిగాను, కట్టు కట్టాను, డాక్టరు కాళ్ళావేళ్ళా పడ్డాను. అప్పుడు నాన్న సూదికి మారుమాట లేకుండా చెయ్యి చాపాడు. పుండు మానలేదు. నల్లబడి పైకి పాకింది. మార్చిలో మోకాలి కింద కాలు తీసేశారు.

ఆపరేషనైన నాలుగో రోజు. వార్డులో ఆయన మంచం పక్కన నిలబడి మందు సిరంజిలోకి ఎక్కిస్తున్నాను. నాన్న పైకప్పు చూస్తూ అన్నాడు.

"ఏగిస అంత తొందరగా రంగు వదలదే. నలభయ్యేళ్ళలో కర్ర ఏరడంలో నేనెప్పుడూ పొరబడలేదు. ఇన్ని ఇళ్ళు కట్టాను గదా, ఎక్కడైనా ఇట్టాంటి నాసిరకం కర్రే పెట్టానేమో. ఎవరింటి దూలం కూలుతుందోనని భయంగా ఉందమ్మా."

కర్ర మంచిదే నాన్నా, అనాలని నోటిదాకా వచ్చింది. ఆ మాటంటే, మరి రంగెందుకు పోయిందని అడుగుతాడు.

ఆయన చెయ్యి చాపే ఉంచాడు. నేను సూది వేశాను.