కప్పులో జానెడు సందు

ముహర్రక్‌ అనే ముత్యాల దీవిలో మా ఇంటి కప్పు మా నాన్న వేసింది. మడ చెట్ల దుంగలు, వాటిమీద చాప, ఆపైన మట్టి. ఆయన పోయిన రెండో ఏడు ఆ కప్పుకు నేను సందు కోశాను.

నా భార్య సబీకా పెళ్లి బట్టలకు జరీ అంచులు అల్లేది. ముగ్గురు ఆడవాళ్లు వేళ్లకు దారాలు తగిలించుకుని ఆమె చెప్పినట్టు వేలి నుంచి వేలికి మారుస్తుంటే, ఆమె వాటిని బట్టకు కుట్టి బిగించేది. కిటికీ తెరిస్తే వీధిలో మగవాళ్లు. మూస్తే చీకటి, ఉక్క. పట్టపగలే దీపం పెట్టుకునేది. ఆ ఏడు ముత్యాల వర్తకుడి కూతురి పెళ్లి అంచులో అల్లిక రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే పని పక్కవాడ ఆవిడకిస్తామని కబురొచ్చింది. సబీకా కళ్లు నులుముకుంటూ కూర్చుంది.

నాన్నలాగే నేనూ తాపీవాణ్ణే. మర్నాడు పొద్దున్నే రెండు దుంగల మధ్య, తూర్పు పడమరలుగా బారెడు పొడవున, జానెడు వెడల్పున కోశాను. ఉక్క పైకి పోయింది. వెలుగు దిగింది.

అమ్మ చూసింది. "మీ నాన్న పోయాక నీకు ధైర్యమొచ్చిందన్నమాట," అంది. ఆ సందు కింద కూర్చోనంది. నాతో మాట మానేసింది. మీరిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారు గనక తేడా తెలియడానికి, అని సబీకా నవ్వింది.

మధ్యాహ్నం ఎండ సూటిగా జరీ మీద పడింది. అంచు నిప్పులా మెరిసింది. ఎవరూ కళ్లు తెరవలేకపోయారు. కుట్టు ఆగింది. వెలుగడిగితే నీ మొగుడు గానిం సూర్యుణ్ణే ఇంట్లోకి దింపాడని ఒకావిడ సబీకాతో ఎత్తిపొడిచింది. నేను తల ఎత్తలేదు.

ఉన్నట్టుండి గదిలో నీడ పడింది. మెత్తటి వెలుగు మిగిలింది. పైకెక్కి చూస్తే అమ్మ. సందుకు దక్షిణం పక్కన దుప్పటి ఎత్తి పట్టుకుని ఎండలో నిలబడి ఉంది.

"ఏం చూస్తావురా? ఎండొచ్చే ఈ పక్క మూరెడు గోడ లేపు. ఉత్తరం వదిలెయ్."

"నీకెలా తెలుసమ్మా?"

"ముప్పై ఏళ్లు తాపీవాడితో కాపురం చేశాను. నువ్వు నిన్న పుట్టావు."

సాయంత్రానికి గోడ లేచింది. సున్నం అమ్మే అందించింది.

మర్నాడు ఒకావిడకు జ్వరమొచ్చి రాలేదు. అమ్మ వెళ్లి సందు కింద చతికిలబడింది. పది వేళ్లూ చాపింది.

"తగిలించవే," అంది.

ఆ అంచు తప్పలేదు. పెళ్లివారు మారుమాట లేకుండా తీసుకున్నారు. తర్వాత పన్నెండేళ్లు అత్తాకోడళ్లు ఆ వెలుగులోనే పని చేశారు, తిట్టుకుంటూ. ఇప్పుడిద్దరూ లేరు. జరీ అంచులు మిషన్లు అల్లుతున్నాయి. నేను మాత్రం పొద్దున కాసేపు ఆ గదిలో కూర్చుంటాను. లైటు వెయ్యను.