సూర్యాపేటకు రైలు తెచ్చిన సేటు

విశ్వేశ్వర్ సేటుకు సూర్యాపేటలో వడ్ల వ్యాపారం. నలభై తొమ్మిదిలో, రజాకార్ల గొడవ సద్దుమణిగాక, ఊళ్లో నాయకుడొకడు తక్కువయ్యాడని ఆయనకు తోచింది.

"కోదాడోళ్లకు బెజవాడ దగ్గర. మునగాలోళ్లకు రాజున్నడు. మనకు రైలన్న ఉండొద్దా?" అని బజార్లో ప్రకటించి, రైలు అడగడానికి సికింద్రాబాద్ బయల్దేరాడు. ఇంగ్లీషు కోసం మిషన్ బడి పంతులు రాజారత్నాన్ని వెంటేసుకున్నాడు.

సేటు అంతకుముందు రైలు చూడనే లేదు. ఆ సంగతి రాజారత్నానికి స్టేషన్లో తెలిసింది. ఇంజను కూత వేయగానే సేటు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

బెజవాడ బండి కదలబోతోంది. చివరి పెట్టె దగ్గర తెల్లకోటు, ఇత్తడి గుండీలు, పచ్చజెండాతో ఒకాయన నిలబడి ఉన్నాడు.

"గీయనే అందరికంటె పెద్దాఫీసరు," అన్నాడు సేటు.

"కాదు సేటూ, గార్డు."

"నీకు తెల్వదు పంతులూ, ఊకో."

తెచ్చిన పూలదండ గార్డు మెడలో వేసి, సేటు ఉపన్యాసం అందుకున్నాడు. దండ తీసే తీరిక లేక గార్డు అలాగే జెండా ఊపి పెట్టెలోకి ఎక్కాడు. ఉపన్యాసం ఇంకా మిగిలే ఉంది కాబట్టి సేటూ ఎక్కాడు. బండి కదిలింది. గార్డు తిట్లన్నీ ఉర్దూలోనే కాబట్టి సేటుకు బాగానే అర్థమయ్యాయి. కాజీపేటలో దింపేశారు.

రాజారత్నం ఒంటరిగా బస్సులో వచ్చి, జరిగింది జరిగినట్టే చెప్పాడు. సాయంత్రానికి బజార్లో ఆ మాట మారిపోయింది. పెద్దాఫీసరు సేటును తన పెట్టెలో కూర్చోబెట్టుకుని లైను చూపించడానికి తీసుకుపోయాడట!

సేటు లారీలో, బస్తాల మధ్య కూర్చుని వచ్చేసరికి డప్పులు మోగుతున్నాయి. తన్నడానికే వచ్చారేమోనని ముందు బస్తాల వెనక నక్కాడు. జనం చేతుల్లో దండలు చూశాక మెల్లగా దిగి, కండువా సర్దుకున్నాడు.

"స్టేషను ఏడొస్తది సేటూ?" అడిగారెవరో.

ఏదో ఒకటి చెప్పాలి. ఊరి బయట ఉన్న, బిక్షం అనే రైతు పల్లీల చేను వైపు చెయ్యి చూపాడు.

మర్నాటి నుంచి ఊరంతా ఆ చేన్లోనే. హోటలుకని ఒకడు, సోడా దుకాణానికని ఒకడు గీతలు గీసుకున్నారు. బిక్షం సేటు గడపకు వచ్చాడు.

"కాయ పీకినంక రానీయరాదుండ్రి సేటూ, రైలును?"

"ఊరు బాగుపడాలంటె జర ఓర్సుకోవాలె బిక్షం."

పీకడానికి కాయ మిగల్లేదు. రాజారత్నం నిజం చెప్పబోతే, పంతులుకు కళ్లు కుట్టాయన్నారు. స్టేషన్ కమిటీ వేసి సేటును అధ్యక్షుణ్ణి చేశారు. స్టేషనుకు ఆయన పేరే పెట్టాలని తీర్మానించారు కూడా. రైలు మాత్రం రాలేదు.

మరుసటేడు బిక్షం మళ్లీ విత్తనం వేశాడు. మొలక లేస్తుండగా, మునగాల నుంచి వచ్చిన చుట్టాలకు స్టేషను చూపిద్దామని సేటు చేన్లోకి దిగాడు.

"సేటూ! పక్కకు జరుగుండ్రి! బండొస్తున్నది!" గట్టు మీంచి అరిచాడు బిక్షం.

సేటు పంచె ఎగ్గట్టి, అటూ ఇటూ చూసుకుంటూ గట్టు మీదికి ఉరికాడు. వెనకాలే చుట్టాలూ ఉరికారు.

బిక్షం చేన్లోకి దిగి, తొక్కిన మొలకల్ని ఒక్కొక్కటే నిలబెట్టసాగాడు.