కట్టలా, చుట్టలా?

ట్రాలీ ఆటో ఆస్పత్రి వెనక గేటు దగ్గర ఆగీ ఆగకముందే సెక్యూరిటీ గార్డు చేయి అడ్డం పెట్టాడు.

"మీ సరుకు కంప్యూటర్లో కనబడట్లేదమ్మా."

ఆటో దిగిన ఆవిడకు ఒళ్లు మండింది. వెనకాల గాజుగుడ్డ కట్టలు కొండలా కనబడుతూనే ఉన్నాయి. ఆవిడది చిన్న నేతమిల్లు. గాయాలకు కట్టే గుడ్డను చుట్టలు చుట్టించి, కట్టలు కట్టించి ఏళ్లుగా ఈ ఆస్పత్రికే పంపుతోంది. మొన్నమొన్నటి దాకా ఫోన్లో ఆర్డరు, చీటీ మీద సంతకం, అంతే. ఇప్పుడు అన్నీ కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కే, ఒకే పద్ధతిలో వెళ్లాలన్నారు. కాగితం చెల్లదన్నారు.

మిల్లులో కంప్యూటర్ పని చూసే మరిది ఆటోలోనే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తల పట్టుకున్నాడు.

"వదినా, ఆర్డరు వాళ్లే కట్టల్లెక్కన పంపారు. మనమూ కట్టలని పంపితే, అలాంటి కొలతే లేదంటోంది ఆస్పత్రి కంప్యూటర్."

"చుట్టలని పెట్టు."

"పెట్టాను. ఆర్డరుతో సరిపోలేదంటోంది."

ఆవిడ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. అవతలి అబ్బాయి గొంతులో తేనె ఒలికింది.

"ఆర్డరు పాత వెర్షన్లో వచ్చింది మేడమ్, అందులో కట్టలే. సరుకు తీసుకునేది కొత్త వెర్షన్, ఇందులో చుట్టలే. రెండూ రూల్ ప్రకారమే ఉన్నాయి, తప్పెక్కడా లేదు."

"తప్పు లేకపోతే నేనీ ఎండలో ఎందుకున్నాను బాబూ?"

ఇంతలో స్టోర్‌కీపర్ పరుగెత్తుకొచ్చాడు.

"వచ్చారా అమ్మా! గుడ్డ లేక ఆపరేషన్లు ఆపేస్తున్నారు. థియేటర్ సిస్టర్ నన్ను నమిలేస్తోంది."

"అయితే దింపుకోండి."

"కంప్యూటర్ ఒప్పుకోకుండా దింపితే నా ఉద్యోగం ఊడుతుంది." అతను గొంతు తగ్గించాడు. "విరాళమని రాసిస్తే మాత్రం ఏ కంప్యూటరూ అడగదు."

"అమ్మితే పనికిరాని గుడ్డ ఊరికే ఇస్తే పనికొస్తుందా?"

అతను జేబులోంచి చీటీ, పెన్ను తీసి ముందుకు చాపాడు.

"వెళ్లిపోదాం వదినా," అన్నాడు మరిది. ఆవిడా ఆటో ఎక్కబోయింది. కానీ లోపల ఆపరేషన్ బల్ల మీద ఎవరున్నారో అన్న ఆలోచన కాలు కదలనివ్వలేదు.

"ఇవాళ థియేటర్‌కి కావలసినంత దింపు," అంది విసురుగా. చీటీలో 'విరాళం' ముందు 'బలవంతపు' అని చేర్చి మరీ సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి కొనుగోళ్ల ఆఫీసరు ఎదుట కుర్చీలో కూర్చుంది. టీ ఇచ్చినా లేవలేదు, మీటింగ్ ఉందన్నా లేవలేదు. మధ్యాహ్నానికి ఆయనే విసిగిపోయి పాత ఆర్డరు రద్దు చేయించి, చుట్టల్లెక్కన కొత్తది పంపించాడు. మిగిలిన సరుకు గేటు దాటింది.

సాయంత్రం మిల్లులో మరిది ఫోన్ చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"వదినా, మీ ఉదారతకు కృతజ్ఞతలట. ఆస్పత్రి కంప్యూటర్ పంపింది."

"తీసెయ్ దాన్ని!" అని ఆవిడ మగ్గాల వైపు విసవిసా నడిచింది.