గోడలోని వైరు

మురళీకృష్ణ దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో పదహారేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాడు. కరెంటు పాఠం ఆయన దగ్గరే వినాలని పక్క బ్యాచ్‌ల పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు. అందుకే, కేకుల ఆర్డర్ల కోసం భార్య అమల ఎల్‌బీ నగర్‌లో ఎలక్ట్రిక్ కుక్కర్ కొన్నప్పుడు, బిగించడానికి ఎలక్ట్రీషియన్ ఎందుకన్నాడు. అది అన్నం వండుకునే చిన్నది కాదు. పైన నాలుగు ప్లేట్లు, కింద ఓవెన్, మొత్తం ఏడు వేల వాట్లు. విడిగా లావు వైరు లాగించుకోమని షోరూమ్‌వాళ్లు చెప్పే పంపారు.

ఇంట్లో ఏసీకి వాడగా మిగిలిన సన్న వైరు, రెండున్నర స్క్వేర్ మిల్లీమీటర్లది, ఒక చుట్ట ఉంది. ఆదివారం మురళీకృష్ణ దాన్నే గోడలోని పైపులోంచి లాగాడు. పొడవు చాలకపోతే మధ్యలో ఇంకో ముక్క కలిపి టేపు చుట్టి, ఆ అతుకును గోడలోని ప్లాస్టిక్ డబ్బాలో కుక్కి మూత పెట్టాడు. కుక్కర్ పనిచేసింది. కానీ కేకు సగం కాలేసరికి, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్ పడిపోయేది. రోజుకు మూడుసార్లు మెట్ల కిందికి పోయి దాన్ని పైకెత్తలేక అమల విసుక్కుంది. మురళీకృష్ణ ఇరవై ఆంపియర్ల ఎంసీబీ పీకేసి ముప్పై రెండుది పెట్టాడు. ఆ తర్వాత ఒక్కసారీ పడలేదు.

"చూశావా?" అన్నాడు గర్వంగా.

డబ్బా మూత ఉన్న వైపు, ఆ గోడకు ఆనుకుని ఆయన తల్లి వెంకాయమ్మ మంచం. డిసెంబరు చలి. "ఈ గోడకి నడుం ఆనిస్తే కాపడం పెట్టినట్టు ఉందే అమలా," అని ఆమె రెండు మూడుసార్లు అంది. ఎండ పడుతుందేమో అనుకుంది కోడలు.

గురువారం పదకొండు గంటలకు ఓవెన్‌లో రెండు కేకులున్నాయి. అత్తగారి దుప్పటి మడతపెడుతున్న అమల చెయ్యి గోడలోని డబ్బా మూతకు తగిలి చురుక్కుమంది. పెనం ముట్టుకున్నట్టు! అప్పుడు గుర్తొచ్చింది, అది లోపలి గోడ. దానిమీద ఎండ పడే వీలే లేదు. ఆమె ఒక్క పరుగున వెళ్లి మెయిన్ ఆపేసింది. అత్తగారిని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చి, భర్తకూ ఎలక్ట్రీషియన్ భిక్షపతికీ ఫోన్ చేసింది.

తుర్కయంజాల్ నుంచి బండి మీద భిక్షపతి, క్లాసు వదిలేసి ఆటోలో మురళీకృష్ణ ఇంచుమించు ఒకేసారి వచ్చారు. భిక్షపతి మంచం జరిపి మూత విప్పాడు. కాలిన వాసన గుప్పుమంది. టేపు కరిగి తారులా కారింది. వైర్ల మీది తొడుగు నల్లబడి ఊడిపోయింది. రెండు బోడి తీగల మధ్య గోరు పట్టేంత సందు. మూత అంచు మెత్తబడి లోపలికి వంగింది. దాన్ని ఆనుకునే ఇన్నాళ్లూ వెంకాయమ్మ దూది పరుపు ఉంది.

భిక్షపతి మూత పక్కన పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఎవరు చేసిండ్రు సార్ గీ పని?"

"నేనే."

"గీ ఎంసీబీ కూడా మీరే మార్చిండ్రా?"

మురళీకృష్ణ తల ఊపాడు.

"కుక్కరు ముప్పై ఆంపియర్లు గుంజుతది. గీ సన్న వైరు ఇరవై మోస్తే గొప్ప. వైరుతోని కాదని చెప్పనీకే గా ఎంసీబీ పడ్డది సార్. మీరు దాని నోరు మూసిండ్రు."

ఏడు వేలను రెండు వందల ముప్పైతో భాగిస్తే ఎంతో మురళీకృష్ణకు తెలుసు. అలాంటి లెక్క ఆ పొద్దునే బోర్డు మీద చేశాడు. మంచం మీద కూలబడ్డాడు. అది ఎవరి మంచమో తెలిసి ఉలిక్కిపడి లేచాడు.

"ఏమైందిరా?" వరండాలోంచి తల్లి అడిగింది.

"నువ్వు పడుకునే చోట నిప్పుందమ్మా. నేనే పెట్టాను."

వెంకాయమ్మ తిట్టలేదు. "చెబుతూనే ఉన్నాను కదరా, వెచ్చగా ఉందని," అంది. వరండా గోడకు ఆనబోయి చటుక్కున ముందుకు జరిగింది.

ఆరు స్క్వేర్ లావు రాగి వైరు, అతుకు లేకుండా ఒకటే ముక్క తెమ్మన్నాడు భిక్షపతి. మురళీకృష్ణే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాడు. "నాలుగు చాలు సార్, అందరు గదే తీస్కపోతరు," అన్నాడు దుకాణదారు.

"ఆరే కావాలి!" మురళీకృష్ణ అరుపుకు దుకాణంలో అందరూ తిరిగి చూశారు.

సాయంత్రానికి మెయిన్ బోర్డు నుంచి కుక్కర్‌కు కొత్త లైను పడింది. మీటరు మీద లోడు పెంచమని దరఖాస్తు పెట్టేదాకా ఓవెన్ ముట్టుకోవద్దని చెప్పి భిక్షపతి వెళ్లాడు.

మర్నాడు క్లాసులో మురళీకృష్ణ సుద్దముక్క పట్టుకోలేదు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఎనభై మంది పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. బెల్ కొట్టాక అందరూ వెళ్లిపోతుంటే, బిందుమాధవి అనే అమ్మాయి మాత్రం బెంచీ దగ్గరే నిలబడిపోయింది. ముఖం పాలిపోయి ఉంది.

"సార్, మా గీజర్ ఎంసీబీ కూడా మాటిమాటికి పడుతుందని మొన్న డాడీ పెద్దది పెట్టించిండు."

మురళీకృష్ణ జేబులోంచి ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంటికి ఇప్పుడే చెయ్యమ్మా," అన్నాడు.